నగర వృక్ష సంరక్షణలో విస్తరణ శాస్త్రం బాధ్యత: నాచారం, ఉప్పల్ ప్రాంతాల నేపథ్యంలో ఒక అభిప్రాయం

హైదరాబాదు తూర్పు ప్రాంతంలో హబ్సిగూడ నుండి నాచారం మీదుగా మల్లాపూర్‌కు సాగే రహదారిలోనూ, దానికి ఇరుపక్కల ఉన్న కాలనీలలోనూ ఏటా వేసవిలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. తొలకరికి ముందు వచ్చే ఈదురుగాలులకు విద్యుత్ తీగలు తెగకుండా ఉండేందుకు వాటిని తాకుతున్న కొమ్మలను తొలగిస్తారు. ఇది తప్పనిసరిగా చేయవలసిన పనే. అయితే పని ముగిసిన మరునాడు ఆ చెట్లను దగ్గరగా పరిశీలిస్తే, నడిమి భాగమంతా ఖాళీ అయి రెండు పక్క కొమ్మలు మాత్రమే మిగిలిన వేప కనిపిస్తుంది. తీగల వైపు కొమ్మలన్నీ కోల్పోయి బరువంతా వీధి వైపు మోపిన పసుపు తురాయి కనిపిస్తుంది. తల మొత్తం నరికివేయగా మోడుగా నిలిచిన కానుగ కనిపిస్తుంది. కొమ్మ విరిగి పడేటప్పుడు దానితోపాటు బెరడు కూడా కాండం పొడవునా చీలిపోయిన గుర్తులు చాలా చెట్ల మీద ఉంటాయి.

కొమ్మ కొట్టిన వ్యక్తిని తప్పుపట్టడం తేలిక. ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో, ఏ చెట్టును ఏ కాలంలో కోయకూడదో ఆయనకు ఎవరైనా నేర్పారా అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. నాచారానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నాయి. నగరానికి మరొక వైపున రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంతటి శాస్త్ర సంపద నడుమ వీధి చెట్టుకు రంపం పెట్టే చేతికి మాత్రం ఒక్క రోజు శిక్షణ లభించే ఏర్పాటు కనిపించదు. ఈ లోటును పూరించడం విస్తరణ శాస్త్రం స్వీకరించవలసిన బాధ్యత అని, అందుకు తగిన సమయం ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

లెక్కకు అందినవి, అందనివి

మొక్కలు నాటడంలో మన నగరం సాధించినది తక్కువేమీ కాదు. 2015 జూలైలో ప్రారంభమైన తెలంగాణకు హరితహారం కార్యక్రమం నగర వీధులను, ఉద్యానాలను, రహదారి విభాజకాలను మొక్కలతో నింపింది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాదు మహానగర పరిధిలో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉండగా, 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నిర్వహించే ప్రపంచ వృక్ష నగరాల కార్యక్రమంలో 2020 సంవత్సరానికి గుర్తింపు పొందిన తొలి భారతీయ నగరం హైదరాబాదే. 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో ప్రపంచ హరిత నగర పురస్కారం కూడా మన నగరానికే దక్కింది.

ఈ అంకెలు ఏమి చెబుతాయో, ఏమి చెప్పవో విద్యార్థులు గుర్తించాలి. అటవీ సర్వేక్షణ సంస్థ నిర్వచనంలో ఒక హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో 10 శాతానికి పైగా వృక్షచ్ఛాయ ఉంటే, ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్లు ఏ జాతివైనా దానిని అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తారు. ఉపగ్రహం పైనుండి ఆకుల పందిరిని చూస్తుంది. ఆ పందిరి కింద కాండం బోలుగా ఉన్నదా, వేళ్ళు కాంక్రీటు కింద ఊపిరాడక ఉన్నాయా అన్నది దానికి కనిపించదు. 2019 నాటి పురపాలక చట్టం నాటిన మొక్కలలో 85 శాతం బతికి ఉండాలని లక్ష్యం నిర్దేశించింది. ఇది మెచ్చదగిన నిబంధన. అయితే మొక్క బతకడం మొదటి మూడేళ్ళ ప్రశ్న. తరువాతి 50 ఏళ్ళు ఆ చెట్టు మనుషుల మధ్య క్షేమంగా ఎదగడం వేరొక ప్రశ్న. రెండవ దానికి లక్ష్యమూ లేదు, దానిని నెరవేర్చే శిక్షితులైన సిబ్బందీ లేరు.

హరితహారం తొలి సంవత్సరాలలో నాటిన మొక్కలకు ఇప్పుడు పదేళ్ళ వయసు దాటుతున్నది. వృక్ష సంరక్షణ శాస్త్రంలో ఇది కీలకమైన దశ. ఒకే చోటు నుండి పోటీపడుతూ లేచిన రెండు ప్రధాన కొమ్మలలో ఒకదానిని ఈ వయసులో చిన్న రంపంతో తీసివేయవచ్చు. గాయం రెండు మూడేళ్ళలో మూసుకుపోతుంది. అదే పనిని మరో 15 ఏళ్ళు వాయిదా వేస్తే క్రేను కావాలి, రహదారి మూసివేయాలి, కోతకు ఏర్పడే గాయం ఎన్నటికీ పూర్తిగా మూసుకోదు. కోయకుండా వదిలేస్తే ఒక గాలివాన రోజున ఆ రెండు కొమ్మల సంధి చీలి, కింద నిలిపిన వాహనం మీదనో, నడిచే మనిషి మీదనో పడుతుంది. నగరంలో వేసవి గాలివానలకు చెట్లు, కొమ్మలు కూలి ప్రాణాలు పోయిన సంఘటనలు మనం చూస్తూనే ఉన్నాము. ఆ ప్రమాదాలలో కొన్నింటికి బీజం చెట్టు పదేళ్ళ వయసులో ఉన్నప్పుడు జరగని ఒక చిన్న కత్తిరింపులో ఉన్నదని చెప్పగల వారు విస్తరణ శాస్త్రవేత్తలే.

వేప తెగులు నేర్పిన పాఠం

నగర ప్రజలు చెట్ల విషయంలో నిపుణుల వైపు చూడరన్న అభిప్రాయం కొందరికి ఉన్నది. ఇటీవలి అనుభవం అందుకు భిన్నంగా ఉంది. 2021 వర్షాకాలం తరువాత తెలంగాణ అంతటా వేప చెట్ల కొమ్మలు చివరల నుండి ఎండిపోవడం మొదలైనప్పుడు, పల్లెలతో సమానంగా హైదరాబాదు కాలనీల నుండి కూడా ప్రశ్నలు వచ్చాయి. ఇది ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంద్రం వల్ల కలిగే కొమ్మ ఎండు తెగులు అని, టీ దోమ రసం పీల్చిన లేత కొమ్మలలో ఇది మరింత తీవ్రమవుతుందని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వివరించారు. ఈ శిలీంద్రాన్ని మైసూరు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లోనే కొత్త జాతిగా వర్ణించి ఉన్నారు. అంటే జ్ఞానం దాదాపు పాతికేళ్ళుగా మన వద్ద ఉన్నది. అది వీధికి చేరే దారి మాత్రం తెగులు వచ్చిన తరువాతే వెదకవలసి వచ్చింది.

ఆ సందర్భం మరొక విషయాన్ని కూడా బయటపెట్టింది. కార్బెండజిమ్, థయోఫానేట్ మిథైల్ వంటి శిలీంద్రనాశినులను, రసం పీల్చే పురుగులకు కీటకనాశినులను సూచించడం పొలంలోనో, తోటలోనో అర్థవంతమైన సలహా. నాచారం వంటి ఇరుకైన కాలనీలో 12 మీటర్ల ఎత్తున్న వేప కిటికీలకు, నీటి తొట్లకు, అంగన్‌వాడీ ఆవరణకు ఆనుకొని ఉంటుంది. అంత ఎత్తుకు మందు పిచికారీ చేయగల పరికరం కాలనీ సంఘం వద్ద ఉండదు. ఉన్నా, గాలికి కొట్టుకువచ్చే తుంపరలు ఎవరి మీద పడతాయో చెప్పలేము. చాలా చెట్లు తరువాతి వసంతంలో తిరిగి చిగురించాయి. అందువల్ల అక్కడ ఇవ్వదగిన మొదటి సలహా ఓపిక పట్టమనడం, ఎండిన పుల్లలను తొలగించమనడం, వేసవిలో వేరు మండలానికి నీరు పెట్టమనడం, చెట్టు చచ్చిపోయిందనుకొని నరకవద్దనడం. మందు ఆ తరువాతి మాట.

పొలానికి రాసిన సిఫారసును వీధికి యథాతథంగా తీసుకుపోలేమని దీనివల్ల తెలుస్తున్నది. నేల రకాన్ని బట్టి, నీటి వసతిని బట్టి సిఫారసులను మార్చడం మనకు అలవాటే. ఇంటి గోడకు, విద్యుత్ తీగకు, బాటసారికి మధ్య పెరిగే చెట్టుకు కూడా అదే శ్రద్ధతో సిఫారసులను రూపొందించాలి.

కోత వెనుక ఉన్న శాస్త్రం

కొమ్మ కోయడం ఎవరికైనా తెలిసిన పనే అన్న భావన బలంగా ఉండడం వల్ల ఈ రంగంలో శాస్త్రం ఎంత మారిందో మన పాఠ్యాంశాలలో తగినంతగా ప్రతిఫలించలేదు. అమెరికా అటవీ సేవా విభాగంలో వృక్ష వ్యాధి శాస్త్రవేత్తగా పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను రంపంతో నిలువునా చీల్చి, గాయం తరువాత కాండం లోపల ఏమి జరుగుతుందో పరిశీలించారు. 1977లో తన సహచరునితో కలిసి ఆయన ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం చెట్టు గాయాన్ని మనిషి శరీరంలా మాన్పుకోదు. దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేయడానికి బదులు దాని చుట్టూ రసాయన, నిర్మాణపరమైన అడ్డుగోడలను కట్టుకొని, కుళ్ళును ఆ గదిలోనే బంధించి, బయట కొత్త దారువును పెంచుకుంటుంది. లోపలి గాయం చెట్టు జీవితాంతం అక్కడే ఉంటుంది.

ఈ అవగాహన నుండి క్షేత్రస్థాయిలో పాటించవలసిన నియమాలు సూటిగా వస్తాయి. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక వలయం కనిపిస్తుంది. రక్షణ గోడలు కట్టే శక్తి అందులో ఉంటుంది కనుక ఆ వలయానికి వెలుపల, దానిని తాకకుండా కోయాలి. కాండానికి సమంగా చెక్కివేస్తే రక్షణ పోతుంది. జానెడు మొద్దు వదిలితే అది కుళ్ళి తెగులుకు దారి అవుతుంది. బరువైన కొమ్మను ఒకే కోతతో తీయకూడదు. ముందుగా కాండానికి కొంత దూరంలో అడుగు భాగాన సగం లోపు గాటు పెట్టి, దానికి కొంచెం వెలుపల పై నుండి కోసి బరువును దించి, చివరగా వలయం వద్ద మిగిలిన మొద్దును తీయాలి. అప్పుడు బెరడు చీలదు. ఎదిగిన చెట్టు నుండి ఒకే విడతలో పచ్చని ఆకుల భాగంలో నాలుగవ వంతుకు మించి తొలగించకూడదు. తల నరికిన చెట్టు నుండి గుంపుగా వచ్చే చిగుళ్ళు పై పొరలలో మాత్రమే అతుక్కొని ఉంటాయి. మూడు నాలుగేళ్ళలో అవి మళ్ళీ తీగలను చేరతాయి, ఈసారి మరింత బలహీనమైన పట్టుతో. అంటే ప్రమాదం తగ్గించడానికి చేసిన పని ప్రమాదాన్ని పెంచి తిరిగి ఇస్తుంది.

గాయాలకు పూత విషయం కూడా మన విద్యార్థులకు స్పష్టం చేయాలి. మామిడి, నిమ్మ వంటి తోటలలో కత్తిరింపుల తరువాత బోర్డో పేస్టు పూయమని మనమే సిఫారసు చేస్తాము. నిర్దిష్టమైన శిలీంద్రాల నుండి రక్షణకు తోటలో దాని స్థానం దానికి ఉంది. వీధిలోని పాత నిద్రగన్నేరుకు చేసిన పెద్ద గాయం మీద తారు పూస్తే మాత్రం లోపలి కుళ్ళు ఆగదు. తేమ బంధించబడి కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. కాండాలకు సున్నం, కావి పట్టెలు వేయడం చూపుకు బాగుంటుంది. దానిని సంరక్షణగా లెక్క వేసుకోవడం వల్ల అసలు పని జరగడం లేదన్న సంగతి మరుగున పడుతుంది.

నేల కింది సగం

నాచారం, ఉప్పల్ ప్రాంతాల నేల ప్రధానంగా గ్రానైటు శిల మీద ఏర్పడిన ఎర్ర చల్కా. చాలాచోట్ల కొద్ది లోతులోనే మొరం, ఆ కింద రాయి తగులుతాయి. సాధారణంగానే చెట్టు పీచు వేళ్ళలో అత్యధిక భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలో ఉండి, కొమ్మల అంచును దాటి చాలా దూరం వ్యాపిస్తాయి. లోతు తక్కువైన నేలలో అవి మరింత పైపైనే ఉంటాయి. కాలిబాట, మురుగు కాలువ, మంచినీటి గొట్టం, ఇంటర్‌నెట్ తీగ అన్నీ తవ్వేది సరిగ్గా ఆ పొరలోనే.

అంతర్జాతీయంగా అనుసరించే ఒక స్థూల నియమం ప్రకారం, భూమికి 1.37 మీటర్ల ఎత్తులో కాండం వ్యాసం ఎన్ని సెంటీమీటర్లు ఉంటే, దానికి 12 రెట్ల వ్యాసార్ధం గల వృత్తాన్ని కీలక వేరు మండలంగా పరిగణిస్తారు. 50 సెంటీమీటర్ల వ్యాసం గల వేపకు అది 6 మీటర్లు. మన వీధులలో అంత స్థలం వదలడం సాధ్యం కాదు. కానీ ఆ వృత్తంలో యంత్రంతో కాక చేతి పనిముట్లతో తవ్వడం, మణికట్టు లావు దాటిన వేళ్ళను నరకకుండా వాటి కింద నుండి గొట్టాన్ని తీసుకుపోవడం సాధ్యమే. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది. అటువంటి ఆదేశం కోసం వేచి ఉండకుండానే మన కాలనీ సంఘాలు ఈ పని చేయవచ్చు. చిన్నప్పుడు రక్షణకు పెట్టిన ఇనుప కంచె పదేళ్ళ తరువాత బెరడులో కూరుకుపోయి ఉంటే దానిని జాగ్రత్తగా కోసి తీయడం, ప్రకటన పలకల మేకులు, దీపాల తీగలు తొలగించడం, చెత్త మొదట్లో తగలబెట్టకుండా చూడడం పెద్ద ఖర్చు లేని పనులు.

రహదారుల విస్తరణ జరిగినప్పుడు పెద్ద చెట్లను వేరొక చోటికి తరలించాలన్న మాట తరచుగా వినిపిస్తున్నది. ఉప్పల్ మీదుగా వరంగల్ వైపు పోయే 163వ జాతీయ రహదారే నగరానికి పడమర చేవెళ్ళ మీదుగా సాగుతుంది. అక్కడి వందలాది మర్రిచెట్ల కోసం పౌరులు హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. తరలింపు సాధ్యమే. మర్రి, రావి వంటివి తిరిగి వేళ్ళు పట్టగల జాతులు. చింత, వేప అదే సులువుతో బతుకుతాయని చెప్పలేము. నెలల ముందు నుండి దశలవారీగా వేళ్ళను సిద్ధం చేయకుండా ఒక్క రోజులో పెకలించి తీసుకుపోతే అది తరలింపు అనిపించుకోదు. ఈ తేడాను నిర్ణయాధికారులకు ముందుగానే చెప్పే నిపుణుల బృందం అందుబాటులో ఉంటే వివాదాలలో కొన్నైనా న్యాయస్థానం దాకా పోవు.

నిపుణులు ఎవరు?

నిపుణుడు అనగానే విశ్వవిద్యాలయం వైపు మాత్రమే చూడడం విస్తరణ శాస్త్రం అంగీకరించే దృష్టి కాదు. చెట్టును రోగిగా భావించి వాత, పిత్త, కఫ దోషాల ప్రకారం చికిత్స చెప్పిన సురపాలుని వృక్షాయుర్వేదాన్ని సికింద్రాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో నళినీ సాధలే ఆంగ్లానువాదంతో ప్రచురించింది. ఆ చికిత్సలన్నీ నేటి పరీక్షకు నిలుస్తాయని కాదు. ఒక్కొక్క చెట్టును విడిగా పరిశీలించి, లక్షణాలను గుర్తించి, కారణం వెదికే పద్ధతి మనకు కొత్త కాదని అది గుర్తుచేస్తుంది.

అలాగే మోకు కట్టి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికునికి శరీర సమతుల్యం, చెట్టు మీద భద్రత గురించి తెలిసినంత ఏ పుస్తకమూ చెప్పలేదు. విద్యుత్ సిబ్బందికి ఏ వీధిలో ఏ చెట్టు ఎన్ని నెలలకు తిరిగి తీగను చేరుతుందో అనుభవంతో తెలుసు. కాలనీలో 30 ఏళ్ళుగా ఉంటున్న గృహిణికి ఇంటి ముందరి చెట్టు ఏ సంవత్సరం నుండి ఒరిగిందో గుర్తుంటుంది. వీటిని సేకరించి, శాస్త్రంతో సరిచూసి, తిరిగి ఆ చేతులకే అందించడం మన వృత్తి. 1989లో ఇండొనేషియా వరి పొలాలలో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలల సూత్రం ఇదే. రైతు గట్టు మీద కూర్చొని పురుగులను లెక్కించి నిర్ణయం తీసుకోవడం నేర్చుకున్నట్లే, కొమ్మలు కొట్టే కార్మికుడు చెట్టు కింద నిలబడి ఏ కొమ్మ ఉంచాలో నిర్ణయించుకోవడం నేర్చుకోగలడు.

ఇతర దేశాలలో ఇది ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. 1924లో అమెరికాలో నీడనిచ్చే చెట్ల సదస్సుగా మొదలైన సంస్థ నేడు అంతర్జాతీయ వృక్ష సంరక్షణ సంఘంగా పరీక్షలు నిర్వహించి ఆర్బరిస్టులకు ధ్రువపత్రాలు ఇస్తున్నది. 1967లో ఉద్యాన నగర సంకల్పాన్ని ప్రకటించిన సింగపూరు, చెట్లను నాటడంతో ఆగకుండా వాటిని క్రమం తప్పక తనిఖీ చేసే సిబ్బందిని తయారుచేసుకున్నది. మన దేశంలో ఈ వృత్తికి స్పష్టమైన విద్యామార్గం ఇంకా ఏర్పడలేదు. అందులో మన విద్యార్థులకు ఉపాధి అవకాశం కూడా ఉంది.

ఇది మన పనేనా?

ఇక్కడ రెండు అభ్యంతరాలు సహజంగా వస్తాయి. మొదటిది, నగర వృక్షాలు నగరపాలక సంస్థకు, అటవీ శాఖకు చెందిన విషయమని. చట్టపరంగా అది నిజం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి ఇచ్చే అధికారం మనకు లేదు, ఉండనవసరమూ లేదు. కానీ ఆ చట్టం ఎవరు అనుమతించాలో చెబుతుందే తప్ప రంపాన్ని ఎక్కడ పెట్టాలో నేర్పదు. నేర్పడం బోధన సంస్థల పని. పంట కాలువ నీటిపారుదల శాఖది అయినంత మాత్రాన నీటి యాజమాన్యం మనం బోధించకుండా ఉండలేదు.

రెండవ అభ్యంతరం మరింత బరువైనది. రైతుకు అందవలసిన విస్తరణ సేవలే చాలీచాలకుండా ఉన్నప్పుడు, ఖాళీ పోస్టులతో పనిచేస్తున్న శాస్త్రవేత్తలను నగర వీధుల వైపు మళ్ళించడం న్యాయమా అని. న్యాయం కాదు. అందువల్ల ఈ వ్యాసం కోరేది శాస్త్రవేత్తల తరలింపు కాదు. శిక్షణనిచ్చే వారిని తయారుచేసే ఒక చిన్న బృందాన్ని, విద్యార్థుల క్షేత్రానుభవంలో కొన్ని వారాలను, ఇప్పటికే ఉన్న తెలుగు ప్రచురణలలో కొన్ని పుటలను మాత్రమే. పైగా శిక్షణ ఖర్చును భరించవలసింది చెట్ల పని చేయించుకునే సంస్థలు. వ్యవసాయ విశ్వవిద్యాలయంతో పాటు ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల కలిస్తే ఏ ఒక్కరి మీదా భారం పడదు.

నాచారంలో చేయదగినవి

ఏ కొత్త సిఫారసునైనా ముందు చిన్న క్షేత్రంలో పరీక్షించడం మన సంప్రదాయం. పాత పారిశ్రామికవాడ, ఇరుకు కాలనీలు, చెరువు, రద్దీ రహదారి, కొత్త అపార్టుమెంట్లు అన్నీ ఒకేచోట ఉన్న నాచారం ఇందుకు అనువైన క్షేత్రం. ఇక్కడ రెండేళ్ళ పాటు ఈ క్రింది పనులను చేపట్టవచ్చు.

మొదటిది వృక్ష పట్టిక. ప్రపంచ వృక్ష నగరం గుర్తింపుకు నిర్దేశించిన ఐదు ప్రమాణాలలో మన వద్ద ఏ చెట్లు ఉన్నాయో తెలిసి ఉండడం ఒకటి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవంలో భాగంగా విద్యార్థులు గ్రామ వనరుల పటం గీసినట్లే, కొందరు విద్యార్థులు ఒక డివిజన్ వీధులను నడిచి ప్రతి చెట్టు జాతి, చుట్టుకొలత, పైన తీగలు, మొదట్లో మట్టి స్థలం, కనిపించే లోపాలు నమోదు చేయాలి. బోలు కాండం, ఎండిన పెద్ద కొమ్మ, చీలిన సంధి, మొదట్లో పుట్టగొడుగులు ఉన్న చెట్లను ఎర్ర గుర్తుతో వేరుచేసి నగరపాలక సంస్థకు ముందుగా అందజేయాలి.

రెండవది కోత శిక్షణ. విద్యుత్ సంస్థ, నగరపాలక సంస్థ తరఫున పనిచేసే ఒప్పంద కార్మికులకు ఏటా వేసవి పని మొదలయ్యే ముందు, ఫిబ్రవరిలో, ఐదు రోజుల శిక్షణ ఇవ్వాలి. తరగతి గది ఒక్క పూట చాలు, మిగిలినదంతా చెట్ల మీదనే. శిక్షణ రోజులకు వేతనం ఇవ్వాలి. తాడు, శిరస్త్రాణం, నడుము పట్టీ ఉపయోగం అందులో భాగం కావాలి. ధ్రువపత్రం పొందిన ఒకరి పర్యవేక్షణ లేకుండా కోత పని అప్పగించరాదన్న షరతును ఒప్పందంలో చేర్చమని విశ్వవిద్యాలయం సూచించవచ్చు.

మూడవది వృక్ష వైద్య శిబిరం. జిల్లాల్లో ఏరువాక కేంద్రాలు రైతుకు చేస్తున్న సేవ నమూనాలో, నెలకు ఒక ఆదివారం ఉదయం కాలనీ ఉద్యానంలో ఒక శాస్త్రవేత్త, ఇద్దరు విద్యార్థులు కూర్చోవాలి. ప్రజలు ఎండిన రెమ్మనో, ఫోటోనో తెచ్చి చూపిస్తారు. అడిగిన ప్రశ్నలను నమోదు చేస్తే రెండేళ్ళలో నగర వృక్ష సమస్యల మీద విలువైన సమాచారం సమకూరుతుంది. అది పరిశోధనకు ఆధారం.

నాలుగవది తెలుగు సూచిక. తీగల కింద దేవకాంచనం, పారిజాతం వంటి చిన్న జాతులు, విశాలమైన చోట వేప, కానుగ, నేరేడు, చెరువు గట్టున తెల్లమద్ది అంటూ స్థలాన్ని బట్టి జాతులను, ఏ నెలలో ఏ పని చేయాలో, మందు ఎప్పుడు అవసరం లేదో చెప్పే 20 పుటల పుస్తకం చాలు. వేగంగా పచ్చగా పెరుగుతుందని మన నగరాల రహదారి విభాజకాలలో కోనోకార్పస్‌ను విస్తారంగా నాటారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నాటడాన్ని నిషేధించింది. నిపుణుల సలహా నాటిన తరువాత కాక నాటక ముందే చేరి ఉంటే ఆ ఖర్చు, ఆ చర్చ రెండూ తప్పేవి.

చివరిది పాఠ్యాంశం. వ్యవసాయ, ఉద్యాన డిప్లొమా, పట్టభద్ర స్థాయిలలో వృక్ష సంరక్షణను ఐచ్ఛికంగానైనా ఒక ప్రయోగ ప్రధాన కోర్సుగా ప్రవేశపెట్టాలి. పరీక్ష కాగితం మీద కాక, కోసిన కొమ్మ దగ్గర జరగాలి.

రెండేళ్ళ తరువాత ఫలితాన్ని కొలవడం కష్టమేమీ కాదు. శిక్షణ పొందిన వారు కోసిన వీధిలోనూ, పొందని వారు కోసిన వీధిలోనూ వంద చొప్పున కోతలను పరిశీలించి వలయం వద్ద సరిగా పడినవి ఎన్నో లెక్కించవచ్చు. గాలివానల తరువాత విరిగిన కొమ్మలను పోల్చవచ్చు. ఫలితం ఆశించినట్లు రాకపోతే పద్ధతిని మార్చుకోవచ్చు. ఇవన్నీ స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనకు తగిన అంశాలే.

హరితహారం తొలి మొక్కలు ఇప్పుడు ఒక మనిషి నిచ్చెన వేసుకొని చేతి రంపంతో సరిదిద్దగల ఎత్తులో ఉన్నాయి. ఈ అవకాశం మరో నాలుగైదు సంవత్సరాలకు మించి ఉండదు. వచ్చే ఫిబ్రవరిలో నాచారంలో తొలి శిక్షణ జరగాలంటే ఆ సన్నాహం ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుకావాలి. విస్తరణ విభాగాలు ఈ ప్రతిపాదనను తమ తదుపరి కార్యాచరణ సమావేశంలో చర్చకు తీసుకోవాలని కోరుతున్నాము.